యచ్ఛబ్దము – ఆంగ్లవాక్య సంయోజనము

రెండు వాక్యములను ఒక్కటిగా కూర్చు పద్ధతి ప్రతి భాషయందును కలదు; రీతి మాత్రము భిన్నము. తెలుగు విద్యార్థి ఆంగ్లమున హూ, విచ్, హూజ్ మొదలగు సంబంధ సర్వనామములతో వాక్యములను కూర్చునపుడు పొరబడుటకు ఆంగ్లజ్ఞానలోపమే కారణమని తలంచుట వాడుక. విచారించినచో ఆ దోషములలో పెక్కింటికి మూలము మాతృభాషా వాక్యనిర్మాణమున కానవచ్చును. ప్రాచ్య విద్యార్థికి దాని పరిహారము చేతనే యున్నది. అది సంస్కృతమునందలి యచ్ఛబ్ద ప్రయోగము.

తెలుగున ఈ కార్యమును ప్రధానముగా నిర్వహించునది ధాతుజ విశేషణము. విశాఖపట్నపు విద్యార్థికి నిత్యపరిచితమైన రేవునే ఉదాహరణముగా గైకొందము. "ఓడ చేరిన రేవు", "ఓడ బయలుదేరిన రేవు", "ఓడ ఆగిన రేవు" అను మూడింటను విశేషణరూప మొక్కటియే. కాని రేవు మొదటిదానిలో కర్మ, రెండవదానిలో అపాదానము, మూడవదానిలో అధికరణము. ఈ కారకభేదమును తెలుపు ప్రత్యయము ఎచ్చటను లేదు. ధాత్వర్థమును బట్టి శ్రోతయే గ్రహించును. ఇది తెలుగునకు లాఘవమే గాని లోపము కాదు.

సంస్కృతమున ఆ భేదము కంఠోక్తము. "యత్ పత్తనం నౌః ప్రాప్నోత్", "యస్మాత్ పత్తనాత్ నౌః ప్రాతిష్ఠత", "యస్మిన్ పత్తనే నౌరతిష్ఠత్" అని విభక్తి మారును. ఆంగ్లమునను ఇట్లే "ది పోర్ట్ విచ్ ది షిప్ రీచ్డ్", "ది పోర్ట్ ఫ్రమ్ విచ్ ది షిప్ సెయిల్డ్", "ది పోర్ట్ ఎట్ విచ్ ది షిప్ స్టాప్డ్" అనవలెను. ఫ్రమ్, ఎట్ అనువానిని విద్యార్థి విడుచుటకు కారణ మిపుడు స్పష్టము: తెలుగున లేని విభక్తిని అతడు ఆంగ్లమున వెదకడు. 'యస్మాత్' అని తలంచినవాడు 'ఫ్రమ్'ను విడువజాలడు.

యచ్ఛబ్దము లింగవచనములను విశేష్యమునుండియు, విభక్తిని తన వాక్యమునుండియు గ్రహించును. సింధియా నౌకానిర్మాణశాలలో నిర్మితమై 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశము చేసిన ఓడను గూర్చి "యా నౌర్జలమవాతరత్, తస్యా నామ జలోషా" అనినచో యచ్ఛబ్దము ప్రథమ, తచ్ఛబ్దము షష్ఠి. హూ, హూమ్, హూజ్ అనువాని భేద మీ సూత్రముననే అవగతమగును.

అయినను సామ్యమునకు హద్దు కలదు. సంస్కృతమున యత్తచ్ఛబ్దములకు నిత్యసంబంధము. ఆంగ్లమున తచ్ఛబ్దస్థానీయము నిలువరాదు. "ది షిప్ విచ్ కేమ్ యెస్టర్డే ఇట్ హాజ్ లెఫ్ట్" అనుట తప్పు. మరియు తెలుగు విశేషణము విశేష్యమునకు ముందుండును. ఆంగ్లమున సంబంధవాక్యము విశేష్యమునకు పిదప వచ్చును.

కామా విషయమున మిక్కిలి జాగరూకత వలయును. "శిక్షణ పొందిన కార్మికులు కొలిమిని సమీపింపవచ్చును" అను తెలుగు వాక్యమున విశేషణము వ్యావర్తకమో ఉపరంజకమో రూపము తెలుపదు. ఆంగ్లమున 'వర్కర్స్' పిదప 'హూ హావ్ బీన్ ట్రెయిన్డ్' కామా లేక నిలిచినచో శిక్షితులకే అనుజ్ఞ. ఇరుదెసల కామా లున్నచో అందరును శిక్షితులే యనియు, అందరకును అనుజ్ఞయే యనియు అర్థము. ఉక్కు కరగు చోట ఈ చిన్న గుర్తు ప్రాణములతో ముడివడినది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమును గూర్చి వ్రాయునపుడు మాత్రము కామా తప్పదు. కర్మాగార మొక్కటియే గావున వ్యావర్త్యము లేదు. సంస్కృతమునను దీనికి ప్రత్యేకరూపము లేకున్నను, వ్యావర్తక–ఉపరంజక వివేకము శాస్త్రాభ్యాసికి అలవడినదే.

కావున బోధకుడు మొదట "ఓడ బయలుదేరిన రేవు" అనుదానిని "ఏ రేవునుండి ఓడ బయలుదేరెనో ఆ రేవు" అని విప్పించి, పిదప యత్తచ్ఛబ్దములతో సంస్కృతీకరింపజేసి, తుదకు తచ్ఛబ్దమును విడిచి ఆంగ్లమున వ్రాయింపవలెను. విభక్తి యేది, స్థాన మెచ్చట, వ్యావర్త్యము కలదా అను మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలిగిన విద్యార్థి ఈ ప్రకరణమున పొరబడుట అరుదు. సంస్కృతము చదివినవానికి ఆంగ్లము దూరమను భ్రమయు దీనిచే తొలగును.