అశ్వహృదయం

అశ్వశాస్త్రం మనకు క్రొత్తది కాదు. గుర్రాల రోగాలకు చికిత్సలు చెప్పినవాడిగా శాలిహోత్రుడు ప్రసిద్ధుడు. అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరటుని అశ్వశాలను కాచాడు. రాజ్యాన్నీ, ఇల్లాలినీ, చివరకు తన రూపాన్నీ కోల్పోయిన నలుడు బాహుకుడై ఋతుపర్ణుని గుర్రాల నడుమ కాలం గడిపాడు. అతడెరిగిన విద్య పేరు అశ్వహృదయం. పూర్వం మనిషి గుర్రానికి వైద్యుడు. నేడు కొన్ని దేశాలలో మనసు కలత చెందిన పిల్లలకు గుర్రమే వైద్యునికి తోడుగా నిలుస్తున్నది.

మొగల్తూరు వంటి డెల్టా గ్రామాలలో గుర్రం నిత్యం కనిపించే జంతువు కాదు. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువుల నడుమ పెరిగే పిల్లలకు గేదె, దూడ చిరపరిచితాలు. బడిలో నోరు విప్పని పిల్లవాడు పెరటిలో దూడ మెడ నిమురుతూ ముచ్చట్లాడడం పల్లెవాసులు ఎరిగిన దృశ్యమే. అశ్వసాహచర్య చికిత్సకు మూలం ఆ చెలిమిలోనే ఉంది. అయితే గుర్రం స్వభావం మరింత సున్నితం. క్రూరమృగాలకు ఆహారమయ్యే జాతి కనుక, పరిసరాలలోని చిన్న కదలికను సైతం పసిగట్టడం దానికి ప్రాణరక్షణ. మనిషి ముఖాన్నికూడ అది చదవగలదు. కోపంగా ఉన్న ముఖచిత్రాన్ని చూసినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరుగుతున్నదని 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు.

ఈ చికిత్సలో పిల్లవాణ్ణి తొలినాడే జీనుమీద కూర్చోబెట్టనవసరం లేదు. శిక్షణ పొందిన చికిత్సకుని సమక్షంలో అతడు గుర్రానికి కనబడే ప్రక్కనుండి మెల్లగా దగ్గరకు వెళతాడు. మాలీసు చేస్తాడు, గడ్డి వేస్తాడు, పగ్గం పట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. అతడు కేక వేస్తే గుర్రం చెవులు వెనుకకు వాల్చి ప్రక్కకు తొలగుతుంది. గొంతు తగ్గించి, నిదానంగా ఊపిరి తీస్తే క్రమంగా తల దించి దగ్గరకు వస్తుంది. కోపం తగ్గించుకొమ్మని పెద్దలు వందసార్లు చెప్పినా వినని పిల్లవాడు, గుర్రం దూరం కాకుండా ఉండేందుకు తానే కోపం తగ్గించుకొంటాడు. అక్కడ మందలింపు లేదు, మార్కులు లేవు, నిన్నటి తప్పును ఎత్తిచూపడం లేదు. అంతటి భారీ జంతువు తన మాట విన్నదన్న సంతోషం తనమీద తనకు నమ్మకాన్నిస్తుంది.

పోలియోతో మోకాళ్ల క్రింద చచ్చుబడిన డెన్మార్కు వనిత లిజ్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో అశ్వారోహణలో రజతపతకం గెలిచిన పిమ్మట లోకం దృష్టి ఇటు మళ్లింది. మొదట దేహానికి ఉద్దేశించిన ఈ సాధన తరువాత మనసుకూ విస్తరించింది. 2015లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆటిజం గల 6 నుండి 16 ఏండ్ల పిల్లలను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టు పది వారాలు గుర్రపుస్వారీ చేసింది. రెండవ జట్టు అశ్వశాలలోనే, నిజమైన గుర్రం లేకుండా, గుర్రాలను గురించి నేర్చుకొన్నది. చిరాకు, అతిచంచలత మొదటి జట్టులోనే ఎక్కువగా తగ్గాయి. అశ్వశాల వాతావరణం ఒక్కటే చాలదన్నమాట!

అయినా దీనిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. పరిశోధనలు ఇంకా పరిమితం, ఖర్చు అధికం. వైద్యుడు చెప్పిన మందులనూ, మాటల శిక్షణనూ మానిపించి గుర్రం దగ్గరకు పంపడం అవివేకం. గుర్రమంటే హడలిపోయే పిల్లవాణ్ణి బలవంతంగా ఎక్కిస్తే భయం రెట్టింపవుతుంది. అటువంటివానికి ఆనాటికి దడి ఇవతల నిలబడి, గుర్రం గడ్డి నమలడం చూడడమే చికిత్స.