బంగారానికి కొత్త గీటురాయి

వికారాబాదును ఆనుకొని ఉన్న అనంతగిరి కొండలు మూసీనదికి పుట్టినిల్లు. ఆ అడవి నడుమ వెలసిన క్షయ చికిత్సాలయం దశాబ్దాలపాటు రోగులకు ఆశ్రయమిచ్చింది. క్షయరోగి ఊపిరితిత్తుల లోపలి స్థితిని వైద్యునికి తెలిపేది ఎక్స్‌కిరణ చిత్రం. అదే జిల్లాలోని తాండూరు నాపరాళ్లకు ప్రసిద్ధి. పొరలు పొరలుగా విడివడే ఆ రాతిలోని స్ఫటికాల అమరికను తెలుపగలిగేదీ ఎక్స్‌కిరణమే. ఒకచోట అది నీడను చూపుతుంది. మరొకచోట తాను చెదరిన తీరుతోనే వస్తువు నిర్మాణాన్ని చెబుతుంది. ఈ రెండవ గుణమే నేడు కంటికి కానరాని బంగారు కణాలను కొలిచే సాధనమైంది.

1895లో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. 1912లో లావే బృందం, స్ఫటికాల గుండా పోయే ఎక్స్‌కిరణాలు నిర్ణీత దిశలలో చెదరుతాయని నిరూపించింది. వెనువెంటనే బ్రాగ్ తండ్రీకొడుకులు, చెదరిన కోణాన్ని బట్టి పరమాణు తలాల మధ్య దూరాన్ని లెక్కించే మార్గం చూపారు. సున్నపురాతి జాతికి చెందిన తాండూరు రాయిలోని కాల్సైటు ఖనిజంలో అట్టి దూరాలలో ముఖ్యమైనది 0.304 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు.

క్షయకూ బంగారానికీ పాత సంబంధం ఒకటి ఉంది. బంగారు సయనైడు క్షయ క్రిములను ప్రయోగశాలలో పెరగనీయదని 1890లో రాబర్ట్ కాక్ ప్రకటించాడు. ఆ ఆశతో 1920లలో ఐరోపా వైద్యులు రోగులకు బంగారు లవణాలను సూదిమందుగా ఇచ్చారు. పలువురికి మూత్రపిండాలు, చర్మం దెబ్బతిన్నాయి. 1931లో అమెరికాలో వెలువడిన తులనాత్మక పరీక్షలో ఎట్టి మేలూ కనబడలేదు. గాజునాళికలో గెలిచిన మందు దేహంలో ఏమవుతుందో తెలియక మునుపే వాడుకలోకి రావడం ఈ అనర్థానికి మూలం.

నేడు బంగారం మరొక రూపంలో వైద్యరంగాన్ని చేరుతున్నది. 1857లో ఫారడే తయారుచేసిన సూక్ష్మ బంగారు కణాల ద్రవం కెంపువన్నెతో మెరిసింది. ఉప్పు కలుపగానే నీలివర్ణం దాల్చింది. కణాలు ఒకదానినొకటి అంటుకొని గుంపు కట్టడమే అందుకు కారణం. జిలాటిన్ వంటి పదార్థం తగినంత ఉంటే ఆ మార్పు జరగదు. ఈ రక్షణశక్తిని 20వ శతాబ్ది ఆరంభంలో జిగ్మాండీ ‘స్వర్ణసంఖ్య’తో కొలిచాడు. ఇప్పటి శాస్త్రజ్ఞులు పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ గొలుసులను వాడుతున్నారు. గొలుసు కొసనున్న గంధక పరమాణువు బంగారాన్ని గట్టిగా పట్టుకొంటుంది. మిగిలిన భాగం నీటిలోకి చాచుకొని తొడుగుగా నిలుస్తుంది.

మనిషి రక్తమూ ఉప్పుద్రవమే. తొడుగు చాలకపోతే కణాలు గుంపుకట్టి, మందును చేరవలసిన చోటికి చేర్చకుండా కాలేయ ప్లీహాలలో త్వరగా చిక్కుకొంటాయి. కనుక తొడుగు మందం తెలియడం అత్యవసరం. దీనికి అల్పకోణ ఎక్స్‌కిరణ పరిక్షేపణం తోడ్పడుతుంది. పలుచని మబ్బు అడ్డుపడినప్పుడు చంద్రునికి దగ్గరగా రంగుల వలయం ఏర్పడుతుంది. మబ్బులోని నీటిబిందువులు చిన్నవైన కొద్దీ ఆ వలయం పెద్దదవుతుంది. అదేవిధంగా కణం చిన్నదైతే ఎక్స్‌కిరణాలు విశాలంగా, పెద్దదైతే ఇరుకుగా చెదరుతాయి. 1930లలో ఫ్రెంచి శాస్త్రవేత్త గినియే ఈ చెదరుపాటు నుండి కణ పరిమాణాన్ని రాబట్టే పద్ధతిని ఏర్పరచాడు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎక్స్‌కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. బంగారంలో వాటి సాంద్రత నీటిలోకంటె సుమారు 14 రెట్లు ఎక్కువ. పాలిమరులో దాదాపు నీటితో సమానం. అందువల్ల బంగారు గర్భం స్పష్టంగా తెలుస్తుంది, తొడుగు మరుగున పడుతుంది. కణాలను దగ్గరగా పేర్చి, కేంద్రాల మధ్య దూరాన్ని కొలవడం దీనికొక ఉపాయం. ఉదాహరణకు గర్భం వ్యాసం 10, కేంద్రాల దూరం 16 నానోమీటర్లయితే, నడుమనున్న 6 నానోమీటర్లు రెండు తొడుగులవి. కాని పేర్చినపుడు తొడుగులు నొక్కుకొనిపోవచ్చు. గొలుసులు ఒకదానిలోనొకటి చొచ్చుకొనవచ్చు. అందుచేత ఒక్క కొలతనే నమ్మక, న్యూట్రాన్లతోను సరిచూస్తారు. భారజలంలో ఉంచిన పాలిమరు న్యూట్రాన్లకు స్పష్టంగా గోచరిస్తుంది.

మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్, ట్రాంబేలోని ధ్రువ రియాక్టరు ఇట్టి పరిశోధనలకు వీలు కల్పిస్తున్నాయి. పరిక్షేపణ విద్య తెలుగువారికి కొత్త కాదు. రామన్ సహచరుడు, తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన సూరి భగవంతం కాంతి పరిక్షేపణంపై రచించిన గ్రంథం 1940లోనే వెలువడింది.

పూర్వం గీటురాయి మీద గీసి బంగారాన్ని పరీక్షించేవారు. దేహంలోకి పంపే బంగారానికి అంతకంటె నిశితమైన గీటురాయి కావాలి. చెదరిన ఎక్స్‌కిరణం అట్టి గీటురాయి.

అర్థాలు
పరిక్షేపణం = చెదరుపాటు
తులనాత్మకం = పోల్చి చూచేది
నిశితం = వాడియైనది

ప్రశ్నలు
1. బంగారు లవణాల చికిత్స నేర్పిన గుణపాఠమేమి?
2. బంగారు కణానికి పాలిమర్ తొడుగు ఎందుకు అవసరమో వివరించండి.
3. తొడుగు మందాన్ని కొలవడంలోని చిక్కును, దానికి గల ఉపాయాలను తెలపండి.