ప్లగ్-ఇన్ రాయాలంటే ఏ ఎక్లిప్స్ దించుకోవాలి?

చౌటుప్పల్‌లో బస్సెక్కి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా హైదరాబాద్‌కు జావా నేర్చుకోవడానికి పోయే పిల్లలు నన్ను అడిగేది ఇదే: "సార్, ఎక్లిప్స్‌ల ఇన్ని ప్యాకేజీలున్నయి, ఏది దించుకోవాలె?"

1. రాసేదేమిటో ముందు తేల్చుకోండి. మామూలు జావా ప్రోగ్రాములకు 'జావా డెవలపర్స్' ప్యాకేజీ చాలు. ఎక్లిప్స్‌కే కొత్త మెనూనో బటన్‌నో చేర్చే ప్లగ్-ఇన్ రాయాలంటే 'ఎక్లిప్స్ కమిటర్స్' ప్యాకేజీ తీసుకోండి. పేరు చూసి, ఇది మనలాంటివాళ్లకు కాదని చాలామంది వదిలేస్తారు. ప్లగ్-ఇన్ రాయడానికి కావలసిన పీడీఈ పనిముట్లు అందులో సిద్ధంగా ఉంటాయి, ఎక్లిప్స్ సొంత సోర్సు కోడ్ కూడా వస్తుంది. ఎక్లిప్స్‌లో మీకు కనబడే దాదాపు ప్రతి మెనూ ఏదో ఒక ప్లగ్-ఇన్ పనే. దాని కోడ్ తెరిచి చదివితే వచ్చే చదువు ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

2. సొంతంగా నడిచే అప్లికేషన్ కట్టాలంటే 'ఆర్‌సీపీ' ప్యాకేజీ. పేరు పెద్దదని 'ఎంటర్‌ప్రైజ్' దించుకోకండి. అందులోని వెబ్ పనిముట్లు మీకిప్పుడు బరువే.

3. ఇప్పటికే జావా ప్యాకేజీ దించేశారా? తీసేయొద్దు. చిటికి కట్టి రంగద్దిన నూలు మగ్గమెక్కాక డిజైను మార్చలేమని పక్కనే పోచంపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. హెల్ప్ మెనూలో 'ఇన్‌స్టాల్ న్యూ సాఫ్ట్‌వేర్' తెరిచి పీడీఈ చేర్చుకోవచ్చు.

4. పీడీఈ ఉందో లేదో చూడాలంటే ఫైల్, న్యూ, ప్రాజెక్ట్. అక్కడ 'ప్లగ్-ఇన్ ప్రాజెక్ట్' కనబడితే ఉన్నట్టే.

5. ర్యామ్ చూసుకోండి. ప్లగ్-ఇన్‌ను పరీక్షించేటప్పుడు రెండో ఎక్లిప్స్ తెరుచుకుంటుంది, మొదటిదీ నడుస్తూనే ఉంటుంది. 4 జీబీ ల్యాప్‌టాప్ అప్పుడు ఆయాసపడుతుంది. సెకండ్ హ్యాండ్‌దైనా సరే, 8 జీబీది కొనండి. ఇంట్లో అంత డబ్బు లేకపోతే బ్రౌజర్ మూసేసి పరీక్షించండి, పని జరుగుతుంది.

6. విండోస్‌లో జిప్ ఫైలును డెస్క్‌టాప్ ఫోల్డర్ల లోపల కాకుండా నేరుగా సి డ్రైవ్‌లో విప్పండి. దారి మరీ పొడవైతే కొన్ని ఫైళ్లు విప్పుకోవు. పాత ఎక్లిప్స్ ఫోల్డర్ మీదే కొత్తది విప్పొద్దు.

7. కరెంటు పోయి డౌన్‌లోడ్ మధ్యలో తెగితే, ఫైలు చెక్‌సమ్‌ను డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో సరిపోల్చాకే విప్పండి.

8. మీ ప్లగ్-ఇన్ వాడేవాళ్ల దగ్గర ఏ ఎక్లిప్స్, ఏ జావా ఉన్నాయో అడగండి. నేను రాసిన మొదటి ప్లగ్-ఇన్ నా దగ్గర బాగానే నడిచింది. స్నేహితుడి కంప్యూటర్‌లో మెనూలోకే రాలేదు, తప్పు చెప్పే సందేశమూ లేదు. రెండు రోజులు వెతికాను. అతనిది పాత జావా. నా మ్యానిఫెస్ట్ ఫైలులో ఒక్క వరుస కొత్త జావా కావాలంటోంది. అప్పటినుంచి ఆ వరుస, టార్గెట్ ప్లాట్‌ఫామ్ చూసుకోకుండా ఎవరికీ ఏదీ పంపలేదు.

9. మెనూ పేర్లు తెలుగులో పెట్టాలనుకుంటే వర్క్‌స్పేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో ఉందో లేదో మొదటి రోజే చూడండి. తప్పకుండా తెలుగులో పెట్టండి.