వ్యాన్‌లోకి ఏ చీర వస్తుంది?

ఈసారి మన ముచ్చట బీరువా గురించి. పిల్లలిద్దరూ చదువులకు వెళ్లిపోయారు. డాలస్ దగ్గరి ఇల్లు అమ్మేశాం. మావారిది ఎక్కడ కూర్చునైనా చేసుకునే ఉద్యోగం కాబట్టి, కొన్నాళ్లు వ్యాన్‌లోనే ఉంటూ అమెరికా చూద్దామనుకున్నాం. ఈ సంగతి చెప్పగానే మీలో చాలామంది వంట ఎలా, స్నానం ఎలా అని అడగలేదు. "మరి చీరలేం చేశావే?" అన్నారు. అడగాల్సిన ప్రశ్న అదే. సోఫాలు, మంచాలు చకచకా వెళ్లిపోయాయి. గిన్నెలూ అంతే. బట్టల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

ముందు చోటెంతో చెబుతాను, వినండి. ఇల్లుగా మార్చుకోవడానికి ఎక్కువమంది కొనే ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్లలో బాగా పొడుగువి తీసుకున్నా, వెనక భాగం సుమారు 14 అడుగులుంటుంది. వెడల్పు 6 అడుగులకు కాస్త తక్కువే. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అన్నీ అందులోనే ఇమడాలి. ఇక బట్టలకు మిగిలేది మనిషికో అర, మంచం కింద ఒక సొరుగు. ఆ అరలో పట్టుచీరలు పేర్చడం మొదలుపెడితే స్వెటర్‌కు కూడా చోటుండదు.

సామాన్లు తగ్గించుకోవడం మీద పుస్తకాలకు కొదవలేదు. జపాన్ ఆవిడ మేరీ కోండో పేరు మీరు వినే ఉంటారు. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకోమంటుంది. మనసుకు సంతోషం కలిగితే ఉంచుకోవాలి, లేకపోతే కృతజ్ఞత చెప్పి సాగనంపాలి. ఆవిడ పెట్టిన వరసలో బట్టలు మొట్టమొదట, జ్ఞాపకాల వస్తువులు చిట్టచివర. తేలికైనవాటితో చెయ్యి తిరిగాక కష్టమైనవాటి జోలికి వెళ్లమని దాని అర్థం. మంచి పద్ధతే. కానీ మన బీరువా తలుపు తీసి చూడండి. పెళ్లినాటి మధుపర్కాలు, సీమంతానికి అమ్మ పెట్టిన గద్వాల, గృహప్రవేశానికి ఆడపడుచు తెచ్చిన పోచంపల్లి. వీటిలో బట్టలేవి, జ్ఞాపకాలేవి? ఆవిడ మొదటి మెట్టూ ఆఖరి మెట్టూ మనకు ఒకే అరలో ఉన్నాయి. అందుకే ఆ పుస్తకం చదివి ఉత్సాహంగా లేచినవాళ్లం కూడా రెండో అరకే కూలబడిపోతాం.

అమెరికాలో కోర్ట్‌నీ కార్వర్ అనే ఆవిడ 2010లో 'ప్రాజెక్ట్ 333' అని మొదలుపెట్టింది. మూడు నెలలపాటు 33 వస్తువులే వాడాలి. బట్టలు, చెప్పులు, నగలు అన్నీ ఆ లెక్కలోవే. లోపలి బట్టలు, రాత్రి బట్టలు, పెళ్లి ఉంగరం మాత్రం లెక్కలోకి రావు. మిగతావన్నీ పెట్టెల్లో సర్ది కంటికి కనపడకుండా పెట్టాలి. వ్యాన్ ఎక్కాలనుకునేవాళ్లు ఇల్లు వదలక ముందే ఇది చేసి చూడాలని నా సలహా. మనం నిజంగా వేసుకునేవేవో, ఊరికే ఉన్నవేవో ఆ మూడు నెలల్లో తేలిపోతుంది.

అయినా ఒక చిక్కు అలాగే ఉంటుంది. ఊరికే ఉన్నవని తెలిసినా వదలబుద్ధి కాదు. ఎందుకంటారా? మన చేతిని పట్టుకుని ఆపేది ఆ చీర పెట్టిన మనిషి. చీర ఇచ్చేస్తే పిన్నిని కాదన్నట్టు, అత్తగారిని మర్చిపోయినట్టు మనసు పీకుతుంది. అందుకని కాటన్లు ఒక పక్క, పట్టువి ఒక పక్క అని విడదీయకండి. ఎవరు పెట్టారు అని విడదీయండి. ముందు మనుషుల సంగతి తేల్చుకుంటే బట్టల సంగతి తేలిపోతుంది.

మొదట, మనం కొనుక్కున్నవి. వీటితో మొహమాటం లేదు. రెండు కుట్లు విప్పినా పట్టని జాకెట్లు, సేల్‌లో తీసుకుని ట్యాగ్ కూడా తియ్యని డ్రెస్సులు, సన్నబడ్డాక వేసుకుందామని దాచిన జీన్స్, ఆఫీసుకు వెళ్లిన రోజుల కోట్లు. ధర గుర్తొచ్చి ఆగకండి. ఆ డబ్బు కొన్న రోజే ఖర్చయిపోయింది. ఇప్పుడు దాన్ని మోసుకు తిరిగినంత మాత్రాన రూపాయి వెనక్కి రాదు.

తరవాత పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కలు. ఏ పెళ్లిలో ఎవరు పెట్టారో గుర్తులేనివి, ఫాల్ కూడా కుట్టించనివి. వీటికి మన పెద్దవాళ్లు ఎప్పుడో దారి వేసిపెట్టారు. పసుపు కుంకుమతో ఒక ఇంటికొచ్చిన చీర మరో పేరంటంలో ఇంకో ఇంటికి వెళ్లడం మన మర్యాదలో భాగం. పెట్టినవాళ్ల గౌరవం మనం బొట్టు పెట్టించుకుని చీర అందుకున్న క్షణంలోనే మనకు ముట్టింది. మళ్లీ ఒక ముత్తయిదువకు తాంబూలంతో ఇస్తే ఆ గౌరవం ఇంకో ఇంటికి చేరుతుంది. వరలక్ష్మీ వ్రతానికి నలుగుర్ని పిలిచి నిండుగా పెట్టండి.

మూడోవి, మన మనిషి మనకోసం ఏరి తెచ్చినవి, ఆ మనిషి ఇంకా మనమధ్యే ఉన్నవి. ఇక్కడ అపరాధభావంతో దొంగచాటుగా ఇచ్చేయడం వద్దు. ఫోన్ చెయ్యండి. "పిన్నీ, నువ్వు పెట్టిన ఆకుపచ్చ వెంకటగిరి నా దగ్గరే ఉంది. వ్యాన్‌లో దానికి చోటు లేదు. ఎవరికిస్తే నీకు బావుంటుంది?" అని అడగండి. మా పిన్ని క్షణం కూడా ఆలోచించలేదు. "మన సుజాత కూతురు ఓణీలు వదిలి చీరలు కట్టడం మొదలుపెట్టిందే, దానికివ్వు" అంది. ఆ తరవాత ఆ చీర కొన్న రోజు సంగతులు, బేరం, ఎండ, బస్సు అన్నీ చెప్పుకొచ్చింది. అన్నేళ్లుగా ఆ చీర బీరువాలో ఉంది గానీ ఈ కబుర్లు నాకెప్పుడూ తెలియవు. అడగడం వల్ల పిన్ని నాకింకా దగ్గరైంది.

నాలుగోవి పోయినవాళ్లవి. వీటికి తొందరపడకండి, ఎవరి తొందరకూ లొంగకండి. అన్నీ ఉంచుకోలేకపోతే ఒకటి ఉంచుకోండి, మిగతావాటిని తోబుట్టువులతో పంచుకోండి. అమ్మ కట్టికట్టి మెత్తబడిన నేతచీరలైతే మన ఊళ్లవాళ్లకు తెలిసిన మంచి ఉపాయం బొంత. నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, దారంతో దగ్గరదగ్గరగా కుట్లు వేసుకుంటూ వెళ్లడమే. వ్యాన్‌లో ఎలాగూ కప్పుకోవడానికి ఒకటి కావాలి. అది అమ్మ చీరల బొంతే అయితే జ్ఞాపకానికి వేరే చోటు వెతకక్కర్లేదు, రోజూ వాడుకలో ఉంటుంది. నేను తీసుకెళ్తున్నదదే.

ఇక పట్టుచీరల మాట. వీటిని వ్యాన్‌లో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. చలిరాత్రి ఇద్దరు తలుపులేసుకుని పడుకుంటే, ఊపిరిలోని ఆవిరి చల్లబడ్డ లోహపు గోడలమీద నీటిబొట్లుగా దిగుతుంది. వంట ఆవిరి దానికి తోడు. పైకప్పు ఫ్యాన్ వేసి కిటికీ కాస్త తెరిచి ఉంచినా, మూల అరల్లో చెమ్మ చేరుతుంది. చెమ్మ తగిలితే జరీ నల్లబడుతుంది, పట్టుకు బూజు పడుతుంది. అలాగని నెలనెలా అద్దె కట్టి స్టోరేజ్ యూనిట్‌లో పెడితే? టెక్సస్ ఎండలకు ఏసీ లేని గది వేడెక్కి మాడిపోతుంది. పైగా పట్టుచీరకు మనిషి చెయ్యి తగులుతుండాలి. పాత తెల్ల నూలు పంచెలో చుట్టి ఉంచాలి, ప్లాస్టిక్ కవరు పనికిరాదు. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గరే చీలుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. తాళం వేసిన గదిలో ఇదంతా ఎవరు చేస్తారు? అందుకే కట్టుకునేవాళ్ల ఇంట్లో పెట్టండి. చెల్లెలో, వదినో, స్నేహితురాలో. "ఇది నీ దగ్గర దాస్తున్నాను" అనకండి, "నువ్వు కట్టుకో" అనండి. ఇండియాకు పంపాలనుకుంటే బరువు చూసుకోండి. విమానంలో చాలామటుకు పెట్టెకు 23 కిలోలే, బరువైన కంచిపట్టు ఒక్కోటీ అరకిలో దాటి తూగుతుంది.

మరి వ్యాన్‌లోకి వెళ్లేవేంటి? ముందు దారి చూసుకోండి. వ్యాన్ జనం చలికాలమంతా అరిజోనా ఎడారి వైపు వెళతారు. క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ జనవరిలో వేల బళ్లు చేరతాయి. ఎండలు ముదిరితే కొండలెక్కుతారు. ప్రతి 1000 అడుగుల ఎత్తుకూ సుమారు 3.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడుతుంది. ఇలా వాతావరణాన్ని వెతుక్కుంటూ వెళితే మండుటెండకో రకం, గడ్డకట్టే చలికో రకం మోయనక్కర్లేదు. అయినా ఎల్లోస్టోన్ లాంటి చోట ఏ నెలలోనైనా మంచు పడొచ్చు. అందుకని ఒక పెద్ద కోటుకు బదులు పలచటివి పొరలుగా వేసుకునేలా తీసుకోండి. ఒంటికి అంటుకునే థర్మల్స్, దానిమీద ఫ్లీస్ స్వెటర్, పైన గాలి, వాన ఆపే జాకెట్.

మనకు కాటన్ అంటే ప్రాణం. వేడిలో దాన్ని మించింది లేదు. కానీ కొండల మీద చలిలో తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. మెరినో ఉన్ని కొంచెం ఖరీదే, కానీ పలచగా ఉండి వెచ్చగా ఉంచుతుంది, రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు. నీళ్లు పొదుపుగా వాడాల్సిన బండిలో అది పెద్ద వరం.

ఎన్ని జతలు? దీనికి లాండ్రోమ్యాటే లెక్క. ఊళ్లోకి వెళ్లి బట్టలు ఉతుక్కోవడం ఎన్నాళ్లకోసారి కుదురుతుందో అన్ని జతలు, మరో రెండు. వారానికోసారైతే తొమ్మిది. లోపలి బట్టలు, మేజోళ్లు ఇంకో నాలుగు ఎక్కువ. అన్నిటికన్నా చోటు తినేవి చెప్పులు, బూట్లు. నడకకో జత, తేలికపాటి శాండిల్స్ ఒకటి, వానకీ చలికీ తట్టుకునే బూట్లు ఒకటి చాలు. మాసినవాటికి గాలాడే సంచి, తడి జాకెట్‌కు తలుపు పక్కనే కొక్కెం తప్పనిసరి.

చీర మానెయ్యాలా? ఎందుకూ! నలగని ఒక క్రేప్ చీర, దాని జాకెట్టు, లంగా చుడితే చేతిసంచంత కూడా ఉండదు. దారిలో ఏ ఊళ్లోనైనా మనవాళ్లింట్లో శుభకార్యానికి పిలుపొస్తే మనలా మనం వెళ్లొచ్చు. ఇంకో పలచటి నేతచీర కూడా పెట్టుకోండి. ఐదున్నర మీటర్ల గుడ్డ అంటే మాటలా! కిటికీకి తెర అవుతుంది, పరుపు మీద దుప్పటి అవుతుంది, ఎండలో తలుపు ముందు నీడ అవుతుంది. సాయంత్రానికి ఉతికి ఆరేస్తే చప్పున ఆరిపోతుంది.

మిగిలినవి ఇచ్చేటప్పుడు చేరే చోటు చూసి ఇవ్వండి. గుడ్‌విల్ సంస్థను 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. ఉన్నవాళ్ల ఇళ్లలోంచి పాతవి తెచ్చి, పేదలచేత బాగుచేయించి అమ్మించి, వాళ్లకు పని చూపించాడు. ప్యాంట్లు, కోట్లు, స్వెటర్లు అక్కడ ఇవ్వడం బావుంటుంది. కానీ ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. అమెరికాలో అమ్ముడుపోని బట్టలు మూటలుగా కట్టి దేశాలు దాటిస్తారు. ఘనాలో ఆక్రాలోని కంటమాంటో బజారుకూ, మన పానిపట్టుకూ ఇలాంటి మూటలు చేరతాయి. పానిపట్టులో పాత ఉన్ని బట్టల్ని చీల్చి దారం తీసి దుప్పట్లు నేస్తారు. చిరిగి మాసినవి సంచిలో వేసి చేతులు దులుపుకుంటే ఆ భారం ఇంకెవరి గుమ్మంలోనో పడుతుంది.

చీరలు మాత్రం వాటి విలువ తెలిసినచోటికే వెళ్లాలి. కూచిపూడి నేర్చుకునే పిల్లల దుస్తులు పట్టుచీరలతోనే కుట్టిస్తారు, వాళ్ల టీచరుగారిని అడగండి. ఎమ్మెస్ చదవడానికొచ్చే ఆడపిల్లలు రెండు పెట్టెల్లో పచ్చళ్లు, పొడులు సర్దుకునేసరికే చోటైపోతుంది, ఉగాదికి కట్టుకోవడానికి చీర ఉండదు. వాళ్లను ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, నచ్చింది తీసుకోమనండి. గుడిలోనూ అడిగి చూడండి.

వ్యాన్ ఎక్కనివాళ్లకూ ఒక మాట చెబుతాను. ఈ పని రేపు మనమో, మన తరవాత మన పిల్లలో చెయ్యాల్సిందే. పిల్లలకు ఏ చీర ఎవరు పెట్టారో తెలియదు. వాళ్లు చేస్తే సంచులు నింపుతారు, అది వాళ్ల తప్పు కాదు. మనం చేస్తే ప్రతి చీరతోపాటు దాని కథా వెళుతుంది, కట్టుకునే పిల్లను మన కళ్లారా చూస్తాం. ఈ ఆదివారం ఒక్క అర తియ్యండి. ఒక్క చీర ఎంచుకుని, పెట్టినవాళ్లకు ఫోన్ చెయ్యండి. వాళ్లు ఏమన్నారో, ఎవరికివ్వమన్నారో నాకు తప్పకుండా రాయండి.