నారుమడిగా మారిన డాక్టరమ్మ
- బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం

మహనీయుల చరిత్రలు చదివి, "వారెక్కడ, మనమెక్కడ!" అనుకొని పుస్తకం మూసేయడం మనలో చాలామందికి అలవాటు. నేనూ అంతే. కాని ఒక జీవితం మాత్రం నన్ను అలా తప్పించుకోనివ్వలేదు. కారణం మా ఇంట్లోనే ఉంది.

మాది కోరుట్ల దగ్గరి పల్లె. వరి, పసుపు పండించే కుటుంబం. మా నాయనమ్మ తొలికాన్పు ఇంట్లోనే జరిగింది. యాభై ఏళ్ళ కిందటి మాట. రెండు రోజులు నొప్పులు పడ్డా బిడ్డ దక్కలేదు. దవాఖానకు ఎందుకు పోలేదని అడిగితే, "ఆడ ఉన్నది మొగ డాక్టరు బిడ్డా. పెద్దోళ్ళు వద్దన్నరు" అన్నది. ఆ పసికందుకు పేరైనా పెట్టలేదు.

ఇటువంటి చావుల గురించే చదివి ఒక డాక్టరమ్మ సముద్రాలు దాటి మన తెలుగు నేలకు వచ్చింది. ఆమే డాక్టర్ మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. ఆడపిల్ల డాక్టరు కావడమే అరుదైన ఆ రోజుల్లో, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందారు. ఆ నగరంలో పేరున్న కాలిన్స్ వీధిలో ప్రాక్టీసు పెట్టారు.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ గురించినది. పరదాలో ఉండే స్త్రీలు మగ వైద్యునికి చూపించుకోలేక, తల్లులూ బిడ్డలూ చనిపోతున్నారని గ్రహించి, రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి కోసం పాటుపడిన మనిషి ఆమె. ఆ పుస్తకం చదివాక తన దారి ఏమిటో గ్లౌరీకి తెలిసిపోయింది. అయినా తొందరపడలేదు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యంలో ఇంకా చదివి 1919లో ఎం.డి. సాధించారు. 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరి సిస్టర్ మేరీ అయినారు.

ఇక్కడొక చిక్కు. సన్యాసినులు వైద్యం చేయరాదని ఆనాటి కతోలిక సంఘం నియమం. పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇస్తే తప్ప ఆమె స్టెతస్కోపు పట్టలేకపోయారు. సన్యాసినులందరికీ కాన్పులు చేసే అనుమతి దొరికింది 1936లోనే.

గుంటూరు సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిలో ఆమె వద్దకు వచ్చిన రోగులు లక్షల్లో ఉంటారు. అయితే నాకు అంతకన్నా గొప్పగా తోచినది వేరే ఉంది. స్థానిక స్త్రీలకు ఆమె కాంపౌండరు పని, నర్సు పని, మంత్రసాని పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రులన్నిటినీ కలిపి ఒక సంఘం స్థాపించారు. దాని కేంద్ర కార్యాలయం నేడు మన సికింద్రాబాదులోనే ఉంది. ఒక వైద్య కళాశాల కావాలని కలగన్నారు. 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. ఆరేళ్ళ తర్వాత, 1963లో, అదే ఊళ్ళో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల మొదలైంది. 2013లో కతోలిక సంఘం ఆమెను 'దైవ సేవకురాలు'గా ప్రకటించింది.

రైతు బిడ్డలకు ఒక సంగతి తెలుసు. నారు ఎంత పచ్చగా ఉన్నా నారుమడిలోనే వదిలేస్తే సరిగా కంకి వేయదు. పీకి పొలంలో నాటాలి. గ్లౌరీ తన చదువును అలా పీకి తెచ్చి గుంటూరులో నాటుకొన్నారు. అంతటితో ఆగక తానే పదిమందికి నారుమడి అయినారు.

ఈ కథంతా నాయనమ్మకు చెప్పిన. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "మంచిగనే ఉన్నది గని, గా అమ్మ మన దిక్కు రాకపాయె" అన్నది.

నిజమే. ఒక్క మనిషి అన్ని దిక్కులకూ రాలేదు. అది తెలిసే ఆమె ఇతరులకు నేర్పింది. మిత్రులారా! మన దిక్కు రావలసినవాళ్ళం మనమే. నేను డాక్టరును కాను, కాబోను కూడా. కాని మొన్నటి సెలవుల్లో మా వాడకట్టు ఆడపిల్లలకు సైన్సు చెప్పడం మొదలుపెట్టిన. నలుగురే వస్తున్నారు. అందులో ఒక పిల్ల డాక్టరు కావాలంటున్నది.