ఎనిమిదవ లోక్‌సభ: ముప్పది మంది ప్రతిపక్షం

పాఠ్యభాగ ఉద్దేశం

చట్టసభల చరిత్రను తెలుగులో చదివి, తెలుగులో వివరించే శక్తిని విద్యార్థులలో పెంపొందించడం. ప్రజల ఓటుకూ సభా స్వరూపానికీ గల సంబంధాన్ని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘సభ’ అనే మాట మనకు అతి ప్రాచీనమైనది. మహాభారతంలో రెండవ పర్వానికి సభాపర్వమని పేరు. నిండుసభలో ద్రౌపది తన ధర్మసందేహాన్ని అడిగినప్పుడు పెద్దలెందరో మౌనం వహించారు. కౌరవ సోదరులలో ఒక్కడైన వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడాడు. సభలో ఎందరున్నారన్నది ఒక లెక్క. ప్రశ్నకు అక్కడ చోటు ఉన్నదా అన్నది మరొక లెక్క. ఈ రెండు లెక్కలనూ కలిపి చూడడానికి ఎనిమిదవ లోక్‌సభ తగిన ఉదాహరణ.

1984 అక్టోబరు 31న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ హత్యకు గురయ్యారు. ఆ విషాదఛాయలోనే డిసెంబరు నెలలో 514 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు పక్షం 404 స్థానాలను గెలుచుకొన్నది. అశాంతి కారణంగా వాయిదా పడిన పంజాబు, అస్సాం రాష్ట్రాలలోని 27 స్థానాలకు 1985లో ఎన్నికలు జరుగగా, ఆ పక్షం బలం 414కు చేరింది. రాజీవ్‌గాంధీ ప్రధానమంత్రిగా, బలరాం జాఖడ్ సభాపతిగా వ్యవహరించారు.

దేశమంతటా ఒకే గాలి వీచిన ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ భిన్నంగా తీర్పు చెప్పింది. నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న స్థాపించిన తెలుగుదేశం పార్టీ రాష్ట్రంలోని 42 స్థానాలలో 30 సాధించింది. కాంగ్రెసుకు ఆరు మాత్రమే దక్కాయి. 1984 ఆగస్టులో రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించడం, ప్రజాందోళన అనంతరం సెప్టెంబరులో ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం ఈ తీర్పుకు నేపథ్యం.

మన ఉత్తరాంధ్రలోనూ ఇదే ధోరణి కనిపించింది. శ్రీకాకుళం నుండి హనుమంతు అప్పయ్యదొర, బొబ్బిలి నుండి పూసపాటి ఆనంద గజపతిరాజు తెలుగుదేశం అభ్యర్థులుగా గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజన వలన 2009 ఎన్నికల నాటికి బొబ్బిలి లోక్‌సభ స్థానం లేకుండా పోయింది. రాజాం నేడు విజయనగరం లోక్‌సభ స్థానంలో ఒక శాసనసభా నియోజకవర్గం. ఎల్లలు మారినా ఓటరు బాధ్యత మారలేదు.

ఆ విధంగా ఒక ప్రాంతీయ పక్షం లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షంగా నిలిచింది. దాని తరువాత మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీకి 22, అన్నా డి.ఎం.కె.కు 12, జనతా పార్టీకి 10, భారత కమ్యూనిస్టు పార్టీకి 6 స్థానాలు లభించాయి. భారతీయ జనతా పార్టీకి వచ్చినవి రెండే. వాటిలో ఒకటి హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో పి.వి. నరసింహారావు ఓడిపోయారు. అయితే మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గెలిచి పి.వి. సభలో ప్రవేశించారు.

ఇక్కడ విద్యార్థులు ఒక విశేషాన్ని గమనించాలి. దేశవ్యాప్తంగా భారతీయ జనతా పార్టీకి పోలైన ఓట్లలో ఏడు శాతానికి పైగా వచ్చినా రెండు స్థానాలే దక్కాయి. సుమారు నాలుగు శాతం ఓట్లతో తెలుగుదేశం ముప్పది స్థానాలు పొందింది. ఒకరి ఓట్లు దేశమంతా చెదిరి ఉన్నాయి. మరొకరి ఓట్లు ఒకే రాష్ట్రంలో కుదురుకొని ఉన్నాయి. దాదాపు సగం ఓట్లతో కాంగ్రెసు నాలుగింట మూడు వంతులకు మించి స్థానాలు పొందడం కూడా ఈ పద్ధతి ఫలితమే. ఏ స్థానంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే అక్కడ విజేత.

సభలో పదవ వంతు బలం లేనందున ఏ పక్షానికీ ప్రతిపక్ష నాయకుని అధికారిక హోదా లభించలేదు. అయినప్పటికీ సభ మూగబోలేదు. బోఫోర్స్ శతఘ్నుల కొనుగోలుపై ప్రతిపక్షాలు పదే పదే ప్రశ్నించాయి. 1989 జూలైలో ప్రతిపక్ష సభ్యులు పలువురు రాజీనామా చేశారు.

శాసన నిర్మాణంలోనూ ఈ సభకు ప్రత్యేకత ఉన్నది. పార్టీ ఫిరాయింపులను నిరోధించే 52వ రాజ్యాంగ సవరణ 1985లో వచ్చింది. ఓటు హక్కు వయస్సును 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గించిన 61వ సవరణ 1989 మార్చిలో అమలులోకి వచ్చింది. ఇంటర్మీడియట్ ముగించిన కొద్దికాలానికే మీ చేతికి ఓటు అందుతున్నదంటే అది ఈ సభ నిర్ణయమే.

1984 డిసెంబరు 31న ఏర్పడిన ఎనిమిదవ లోక్‌సభ 1989 నవంబరు 27న రద్దయింది. తరువాతి ఎన్నికలలో దేశంలో కాంగ్రెసు 197 స్థానాలకు తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే కాంగ్రెసు 39 స్థానాలు గెలువగా, తెలుగుదేశం రెండింటికి పరిమితమైంది. ఎంతటి ఆధిక్యమైనా ప్రజాభిప్రాయం ముందు ఐదేండ్ల అప్పు వంటిది. ఆ అప్పు ఇచ్చేవారూ, లెక్క అడిగేవారూ ఓటర్లే. రేపటి ఓటర్లు మీరే.

కఠిన పదాలు – అర్థాలు

ధోరణి = తీరు
ఎల్లలు = సరిహద్దులు
శతఘ్ని = ఫిరంగి
ఆధిక్యం = ఎక్కువ బలం కలిగి ఉండడం

సంధులు

పెద్దలెందరో = పెద్దలు + ఎందరో – ఉత్వసంధి
ప్రజాభిప్రాయం = ప్రజా + అభిప్రాయం – సవర్ణదీర్ఘసంధి

ప్రశ్నలు

1. ఓట్ల శాతానికీ స్థానాల సంఖ్యకూ తేడా ఎందుకు వస్తుందో పాఠం ఆధారంగా వివరించండి.
2. ఎనిమిదవ లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకతను తెలపండి.
3. 61వ రాజ్యాంగ సవరణ వలన యువతకు కలిగిన బాధ్యత ఏమిటి?