శుభలేఖ నుంచి తాంబూలం సంచి దాకా: దేవుడి బొమ్మ ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు?

పెళ్లి పనుల వీడియోలో శుభలేఖ గురించి రెండు నిమిషాలే చెప్పగలిగాం. మిగిలిన వివరాలు ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు పెన్నూ కాగితం పక్కన పెట్టుకుని చదవండి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా ఇల్లు ఉప్పల్‌లో. మా చెల్లికి నాచారంలో సంబంధం కుదిరాక, "కంప్యూటర్ పని కదా, నువ్వే చూడు" అని కాగితాల పనంతా నాకు అప్పజెప్పారు. శుభలేఖ ఒక్కటే అనుకుంటాం గానీ లెక్క వేస్తే చాలా ఉంటాయి: శుభలేఖ, దాని కవరు, రిసెప్షన్ కార్డు, వాట్సాప్ కార్డు, మండపం దగ్గర స్వాగతం బోర్డు, అక్షింతల పొట్లం, తాంబూలం సంచి, దానికి కట్టే ట్యాగు. ఇవన్నీ ఒకే ఇంటి పెళ్లివి అని చూడగానే తెలియాలి. దీన్నే మ్యాచింగ్ సెట్ అంటారు.

చాలామంది ఏం చేస్తారంటే, శుభలేఖ మీద ఉన్న వినాయకుడి బొమ్మనే అన్నిటి మీదా వేసేస్తారు. సెట్ కలిసిపోతుంది. కానీ ఆ బొమ్మ చివరికి ఎక్కడికి చేరుతుందో ఎవరూ ఆలోచించరు. ఈ పాఠం ముఖ్యంగా దాని గురించే.

1. ముందు ప్రతి కాగితం గతి రాసుకోండి

మా నాయనమ్మ బీరువా పైన ఒక సంచి నిండా పాత శుభలేఖలు ఉన్నాయి. ఎందుకు దాచావు అంటే, "దేవుని బొమ్మ ఉన్నదాన్ని చెత్తల ఎట్లేస్తం బిడ్డా?" అంటుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి సంచి ఒకటి ఉండే ఉంటుంది. పారేయలేం, ఎన్నాళ్లని దాచుకోగలం?

అందుకే డిజైన్ మొదలుపెట్టేముందు, పెళ్లి అయ్యాక ఏ కాగితం ఎక్కడికి పోతుందో రాసుకున్నాను.

- శుభలేఖ: పెళ్లి దాకా పూజగదిలోనో ఫ్రిజ్ మీదో ఉంటుంది. తర్వాత చాలా ఇళ్లలో దాస్తారు.
- కవరు: చేతికి అందిన రోజే చింపేస్తారు.
- అక్షింతల పొట్లం: తలంబ్రాల సమయానికి విప్పుతారు, అక్కడే కింద పడేస్తారు. ఆ తర్వాత అందరి కాళ్ల కిందా అదే.
- తాంబూలం సంచి: కొన్నాళ్లు కూరగాయలకు, తర్వాత చెత్తకు.
- ఫ్లెక్సీ బోర్డు: మర్నాడు ఎవరో తీసుకెళ్లి వానకు అడ్డంగా దేనిమీదనో కప్పుతారు.

ఈ జాబితా చూశాక నిర్ణయం తేలికైంది. దేవుడి బొమ్మ శుభలేఖ లోపలి పేజీలో ఒక్కచోటే. కాలి కిందకో చెత్తలోకో పోయే దేనిమీదా బొమ్మ గానీ, దేవుడి పేరు గానీ ఉండకూడదు. "అయితే మిగతావి బోసిగా ఉంటాయి కదా" అని మా అమ్మ అడిగింది. ఆ బోసితనం లేకుండా చేయడానికే డిజైన్ ఉంది.

2. రెండు ఇళ్లు, ఇద్దరు ఇలవేల్పులు

మాకు యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఇలవేల్పు. మా బావగారి వాళ్లకు వేములవాడ రాజన్న. ఎవరి స్వామి కార్డు మీద ఉండాలి అన్న మాట పెద్దల మధ్య వచ్చింది. ఇద్దరినీ ఒకే కార్డులో చిన్నగా ఇరికిద్దాం అన్నారు కొందరు. అలా చేస్తే ఎవరికీ తృప్తి ఉండదు.

మనవాళ్లలో ఆడపెళ్లివారు, మగపెళ్లివారు ఎవరి కార్డు వాళ్లు వేయించుకోవడం ఎలాగూ ఉంది. కాబట్టి అంచు, రంగులు, అక్షరాలు, సైజు రెండు కార్డులకూ ఒకటే పెట్టాను. పైన స్వామి ఉండే చోటు ఒక్కటి ఖాళీగా ఉంచాను. ఉప్పల్ కార్డులో అక్కడ నరసింహస్వామి, నాచారం కార్డులో రాజన్న. కింద "ఆహ్వానించువారు" పేర్లు ఎవరివి వారివి. రెండు కార్డులు పక్కపక్కన పెడితే జంటలా కనిపిస్తాయి. మీ ఇంట్లో ఇలాంటి చర్చ వస్తే ఈ పద్ధతి చూడండి.

3. బొమ్మ బదులు గుర్తు, గుర్తుకు తోడు రంగు

సెట్ అంతటా కనిపించడానికి ఒక గుర్తు కావాలి. మామిడాకు తోరణం, తమలపాకు, అరటి బోదె, కొబ్బరాకు పందిరి... ఇవన్నీ శుభసూచకాలే, ఎండితే రాలిపోయేవే. కింద పడితే అపచారం అనిపించదు. మేం తమలపాకు తీసుకున్నాం. కార్డు అంచులో తమలపాకుల వరస, కవరు మూతకు ఆకు ఆకారం, ట్యాగు మొత్తం ఒక ఆకు, బోర్డు మూలల్లో రెండేసి ఆకులు. అక్షింతల పొట్లానికి ఆకు కూడా లేదు, ఒట్టి పసుపు రంగు కాగితం. అయినా సెట్‌లో కలిసిపోయింది.

మన శుభలేఖల్లో పైన వేసే జానకీదేవి తలంబ్రాల శ్లోకం గుర్తు తెచ్చుకోండి. అమ్మవారి దోసిట్లో ఉన్నప్పుడు ముత్యాలు కెంపుల్లా ఎర్రగా, రాముడి తలమీద మల్లెల్లా తెల్లగా, ఆయన నీలి మేని మీద జారుతుంటే నీలాల్లా కనిపించాయట. ముత్యాలు అవే, పడిన చోటును బట్టి రంగు మారింది. మ్యాచింగ్ సెట్ కూడా అంతేనండి. గుర్తు అదే, ఉండే చోటును బట్టి రూపం మారుతుంది.

రంగులు మూడుకు మించొద్దు. మావి పసుపు, కుంకుమ ఎరుపు, ఆకుపచ్చ. ఇక్కడ ఒక టెక్నికల్ విషయం. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటింగ్‌లో సియాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ అనే నాలుగు సిరాలతో రంగు వస్తుంది. తెరమీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద అలా రాదు. కాబట్టి ఫైల్ మొదటి నుంచీ సీఎంవైకే మోడ్‌లో చేసుకోండి. పెళ్లికార్డులో నల్ల అక్షరాలు వద్దంటారు చాలా ఇళ్లలో. అప్పుడు మెజెంటా 100, యెల్లో 100 కలిపితే వచ్చే ఎరుపు వాడండి. రెండే సిరాలు కాబట్టి సన్నని అక్షరాలు కూడా చెదరకుండా వస్తాయి.

4. తెలుగు అక్షరాలు విరగకుండా

ప్రింటింగ్ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతోనే కంపోజింగ్ జరుగుతుంది. అవి యూనికోడ్ కాదు. మనం వాట్సాప్‌లో పంపిన తెలుగును అక్కడ నేరుగా పేస్ట్ చేస్తే పని జరగదు, మళ్లీ టైప్ చేయాలి లేదా కన్వర్టర్ వాడాలి. ఆ మధ్యలోనే ఒక వత్తు ఎగిరిపోతుంది.

మీరే డిజైన్ చేస్తుంటే యూనికోడ్ ఫాంట్ తీసుకోండి. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, శ్రీకృష్ణదేవరాయ ఇలా కొన్నిటికి రాయలవారి భువనవిజయం పేర్లు పెట్టారు. వధూవరుల పేర్లకు ఒక ఫాంట్, మిగతా మాటలకు ఒక ఫాంట్, అంతే. మూడోది పెట్టారంటే సెట్ చెదిరిపోతుంది.

ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ వాడేవాళ్లు టెక్స్ట్ సెట్టింగ్స్‌లో భారతీయ భాషలకు ఇచ్చిన ఆప్షన్ పెట్టుకోవాలి. లేకపోతే వత్తులు విడివిడిగా పడతాయి. పరీక్షకు "లక్ష్మీ" అని టైప్ చేయండి. ఆ మాటలో వత్తు మీద వత్తు ఉంది. అది సరిగ్గా వస్తే మిగతావీ దాదాపు వచ్చినట్టే. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందకి పోతాయి కాబట్టి వరసల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ జాగా వదలండి. ప్రెస్‌కు ఇచ్చేటప్పుడు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా ఏమీ మారదు.

5. అన్నిచోట్లా ఒకే మాట

సెట్ కలవడం అంటే రంగులు కలవడమే అనుకోకండి. మాట కలవకపోతే నష్టం ఇంకా పెద్దది.

మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ముహూర్తం గురువారం అర్ధరాత్రి దాటాక 2 గంటల 18 నిమిషాలకు అనుకోండి. శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని రాస్తాం. ఇంగ్లిష్ తేదీ ప్రకారం అది శుక్రవారం. వాట్సాప్ కార్డు చేసేవాళ్లు "శుక్రవారం" అని మాత్రమే వేస్తే, చుట్టాలు శుక్రవారం రాత్రికి వస్తారు. అప్పటికి పెళ్లయిపోయి ఉంటుంది! అందుకని రెండు తేదీలూ, "తెల్లవారితే" అన్న మాటా ప్రతి కార్డులో ఉండాలి.

పాత కార్డులోని మాటలు కాపీ చేసేవాళ్లు సంవత్సరం పేరు కూడా చూసుకోండి. 2026 మార్చి 19 ఉగాదికి విశ్వావసు పోయి పరాభవ నామ సంవత్సరం వస్తుంది. జనవరి పెళ్లికీ ఏప్రిల్ పెళ్లికీ పేరు మారిపోతుంది.

నేను ఒక షీట్ తయారుచేశాను. వరుడి పేరు ముందు "చి.", వధువు పేరు ముందు "చి.ల.సౌ.", తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, లగ్నం, వేదిక, విందు సమయం అన్నీ అందులోనే. పురోహితుల వారికి, రెండు ఇళ్ల పెద్దలకు ప్రింట్ తీసి ఇచ్చి సంతకం పెట్టించాను. ఆ తర్వాత ఏ కార్డుకైనా మాటలు ఆ షీట్ నుంచే తీసుకోవాలి. మార్పు వస్తే ముందు షీట్‌లో మార్చాలి.

6. దారి చూపే పటం

వేదిక నాచారంలో. వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగుతారు, సిటీ వైపు వాళ్లు మెట్రోలో హబ్సిగూడలో దిగుతారు. అందుకని పటంలో మూడే గుర్తులు పెట్టాను: ఉప్పల్ రింగ్ రోడ్డు, హబ్సిగూడ చౌరస్తా, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి. గల్లీలన్నీ గీస్తే పటం ఎవరికీ అర్థం కాదు.

క్యూఆర్ కోడ్ వేస్తే కనీసం 2 సెంటీమీటర్ల సైజు, చుట్టూ ఖాళీ ఉండాలి. మ్యాప్ లింక్ నేరుగా ఉన్న కోడే వేయండి. కొన్ని ఉచిత సైట్లు మధ్యలో తమ లింక్ పెట్టి, గడువు అయ్యాక ఆపేస్తాయి. అచ్చయిన కార్డును వెనక్కి తీసుకోలేం కదా. నమూనా కాపీ మీద రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూశాకే మిగతావి వేయించండి.

7. కాగితం, ప్రింటింగ్

మన ఊళ్లో పెళ్లికార్డులంటే పాతబస్తీలోని ఛత్తా బజార్ పేరే చెప్తారు. ఉప్పల్ నుంచి వెళ్లేవాళ్లు మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, గ్రీన్ లైన్‌లో ఎంజీబీఎస్ వరకు పోవచ్చు. కార్డులు తక్కువైతే దగ్గర్లోని డిజిటల్ ప్రింట్ షాపు చాలు.

డిజిటల్ ప్రింట్‌కు సాధారణంగా 12×18 అంగుళాల షీట్ వాడతారు. 5×7 అంగుళాల కార్డులు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో కలిపి, ఒక షీట్‌లో 4 పడతాయి. పొడవులో సుమారు 3 అంగుళాల పట్టీ మిగులుతుంది. అందులో 2×2.75 అంగుళాల తాంబూలం ట్యాగులు 5 పడతాయి. అంటే 100 షీట్లకు 400 కార్డులు, 500 ట్యాగులు. కాగితం వృథా కాదు. పైగా కార్డూ ట్యాగూ ఒకే షీట్ మీద ఒకేసారి అచ్చవుతాయి కాబట్టి రంగులో తేడా రాదు.

మెరుపు కోసం ప్లాస్టిక్ లామినేషన్ చేయిస్తుంటారు. మేం వద్దనుకున్నాం. లామినేషన్ చేసిన కార్డు నీళ్లలో నానదు, మట్టిలో కలవదు. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని ఏదో ఒకరోజు గౌరవంగా సాగనంపాలి కదా. మామూలు కాగితమైతే బొమ్మ వరకు కత్తిరించి, బకెట్ నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక చెట్టు మొదట్లో వేయొచ్చు. చెట్టు కింద కార్డులు వదిలేసి రావడం కంటే ఇది మంచి పద్ధతి అని నా అభిప్రాయం.

8. మొదటి కార్డు

అచ్చయి రాగానే నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొదటి కార్డు ఇలవేల్పు దగ్గర పెట్టండి. మేం యాదగిరిగుట్టకు, బావగారి వాళ్లు వేములవాడకు తీసుకెళ్లాం. తిరుపతిలోని టీటీడీ కార్యనిర్వహణాధికారి పేరున శుభలేఖ పంపితే శ్రీవారి ఆశీస్సులుగా తలంబ్రాలు, కుంకుమ, కంకణాలు పంపే సంప్రదాయం ఉంది. కవరు మీద మీ చిరునామా, పిన్‌కోడ్ స్పష్టంగా రాయండి.

పెళ్లిరోజు తలంబ్రాలు అయ్యాక మండపం నిండా పసుపు పొట్లాలే పడి ఉన్నాయి. మా నాయనమ్మ కుర్చీలోంచి వంగి ఒక పొట్లం తీసింది, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ కింద వదిలేసింది. తీసి దాచాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఇవాళే ఒక చిన్న పని చేయండి. మీ సెట్‌లోని కాగితాల పేర్లు ఒక వరసలో, పెళ్లి మర్నాడు అవి ఎక్కడ ఉంటాయో పక్క వరసలో రాయండి. స్వామిని ఎక్కడ ఉంచాలో ఆ రెండో వరసే మీకు చెప్తుంది.

శుభం భూయాత్.